పూండి చెరువు దగ్గర ఒక రోజు గడపాలంటే

చెన్నైలో ఉండే మన తెలుగు కుటుంబాలు ఆదివారం పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే మెరీనా, మహాబలిపురం, వండలూరు జూ, ఈ మూడింటి దగ్గరే ఆగిపోతారు. పూండి పేరు వినే ఉంటారు, వానలు మొదలయ్యాక పేపర్లో చెరువుల మట్టాలు వేసేటప్పుడు ఆ పేరు రోజూ కనిపిస్తుంది, కానీ వెళ్ళి చూసినవాళ్ళు తక్కువ. నేను పదేళ్ళుగా ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్తున్నాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కడప జిల్లాలో అట్లూరు వైపు ఉండేది, సోమశిల ఆనకట్ట ముంపులో పోయింది. ఆ నేల మీద నిలిచిన నీళ్ళే కండలేరు జలాశయానికి వచ్చి, అక్కడి నుంచి కాలువలో 152 కిలోమీటర్లు నడిచి, సరిహద్దు దాటి ఇంకో 25 కిలోమీటర్లు పోయి పూండిలో పడతాయి. అక్కడి నుంచి విల్లివాక్కంలో మా ఇంటి కుళాయికి. ఈ సంగతి తెలిశాక ఆ చెరువును చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

ఎవరైనా మొదటిసారి వెళ్తుంటే ఏం చేయాలో, ఏం చేయకూడదో అడుగుతూ ఉంటారు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

మొదట చెరువు గురించి నాలుగు ముక్కలు, ఇవి తెలిస్తే చూసేది అర్థమవుతుంది. పూండి చెరువు అసలు పేరు సత్యమూర్తి సాగర్. మద్రాసు మేయరుగా పనిచేసిన ఎస్.సత్యమూర్తి పట్టుబట్టి పని మొదలుపెట్టించారు, 1944లో పూర్తయ్యేనాటికి ఆయన లేరు. కట్టింది కొసస్తలైయార్ మీద. పేరు కొత్తగా అనిపిస్తే మన చిత్తూరు జిల్లావాళ్ళని అడగండి, కార్వేటినగరం వైపు కుశస్థలి అంటారే, ఆ ఏరే ఇది. పూర్తి మట్టం 35 అడుగులు, పట్టే నీళ్ళు 3,231 మిలియన్ ఘనపుటడుగులు, అంటే మూడుంపావు టీఎంసీలకు కొంచెం తక్కువ. ఒక్క టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. కృష్ణా నీళ్ళ ఒప్పందం చెరువు కట్టిన చాలా ఏళ్ళకు వచ్చింది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు మద్రాసుకు ఇస్తామని ఒప్పుకున్నాయి, 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య కాలువ ఒప్పందం కుదిరింది, 1996లో మొదటిసారి నీళ్ళు పూండికి చేరాయి. దారిలో ఆవిరికీ ఇంకుడుకీ 3 పోగా సరిహద్దు దగ్గర ఇవ్వాల్సింది 12 టీఎంసీలు. మొదట మట్టి కాలువలో చాలా నీళ్ళు దారిలోనే పోయేవి, తర్వాత సత్యసాయి ట్రస్టు డబ్బుతో కాలువకు లైనింగ్ వేశారు, అందుకే ఇప్పుడు దాన్ని సత్యసాయి గంగ కాలువ అంటారు.

ఎప్పుడు వెళ్ళాలి అన్నదే అన్నిటికంటే ముఖ్యం. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరుకు చెరువును నింపేస్తాయి, ఎండ మెత్తగా ఉంటుంది, వలస పక్షులు వచ్చి ఉంటాయి. సంక్రాంతి తర్వాతి వారం నాకు చాలా ఇష్టం. ముక్కనుమ రోజు మాత్రం వద్దు, తమిళంలో దాన్ని కానుం పొంగల్ అంటారు, ఆ రోజు జిల్లా మొత్తం ఏ నీళ్ళ ఒడ్డుంటే ఆ ఒడ్డుకు వస్తుంది, కట్ట మీద నడవడానికి చోటుండదు. మే నెలలో వెళ్తే పొద్దున తొమ్మిదికల్లా తిరుగు ప్రయాణం పెట్టుకోండి, ఆ వైపు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, చెట్టు నీడ తక్కువ.

వెళ్ళే ముందు రోజు ఒక పని చేయండి. చెన్నై మెట్రో వాటర్ వెబ్‌సైటులో చెరువుల మట్టాల పట్టిక ప్రతిరోజూ పెడతారు. అందులో పూండి వరుస చూడండి. నిల్వ ఎంతుందో చూసి 3,231తో పోల్చుకుంటే చెరువు నిండుగా ఉందా, అడుగు కనిపిస్తోందా తెలిసిపోతుంది. దాని పక్కన ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో క్యూసెక్కుల్లో ఉంటాయి, ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. అవుట్‌ఫ్లో కొన్ని వందల్లో ఉంటే అది మామూలుగా కాలువలకు వదిలేది. వేలల్లోకి వెళ్ళిందంటే షట్టర్లు ఎత్తి కొసస్తలైయార్లోకి వదులుతున్నారని అర్థం, అప్పుడు కట్ట మీదికి రానివ్వకపోవచ్చు, ఏటి మీద ఉన్న కాజ్‌వేలు మునుగుతాయి, దిగువ పల్లెలకు హెచ్చరికలు వెళ్తాయి. ఆ రోజుల్లో షట్టర్లు చూద్దామని పిల్లల్ని వేసుకుని బయల్దేరకండి. నీళ్ళు దూకుతుంటే చూడముచ్చటగా ఉంటుంది, నిజమే, కానీ అక్కడ పని చేసే సిబ్బందికి ఆ రోజు మనం అడ్డం.

కృష్ణా నీళ్ళు కాలువలో పారుతుండగా చూడాలంటే ఒప్పందం ప్రకారం జులై నుంచి అక్టోబరు వరకు 8 టీఎంసీలు, జనవరి నుంచి ఏప్రిల్ వరకు 4 టీఎంసీలు రావాలి, ఆ నెలల్లో చూసుకోండి. అన్ని ఏళ్ళూ అలా రావు, పైన శ్రీశైలం, సోమశిల, కండలేరుల్లో ఎంతుందన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ పట్టికతో పాటు పేపర్లో కండలేరు నుంచి నీళ్ళు వదిలారన్న వార్త కూడా చూడండి, వదిలాక సరిహద్దుకు రావడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఇక దారి. రైలులో అయితే చెన్నై సెంట్రల్ పక్కన సబర్బన్ స్టేషన్ నుంచి తిరువళ్లూరు, అరక్కోణం, తిరుత్తణి వెళ్ళే లోకల్ ఏదైనా ఎక్కండి, పెరంబూరు, విల్లివాక్కం, అంబత్తూరు, ఆవడి మీదుగా గంటా గంటంపావులో తిరువళ్లూరులో దింపుతుంది. అక్కడి నుంచి పూండి పన్నెండు కిలోమీటర్ల లోపే, ఊత్తుకోట వైపు వెళ్ళే బస్సుల్లో పూండి మీదుగా వెళ్ళేది అడిగి ఎక్కండి, లేదంటే షేర్ ఆటో. సొంత బండి ఉంటే ఆవడి, తిరునిన్రవూరు మీదుగా తిరువళ్లూరు రోడ్డు, అంతా కలిపి నగరం నుంచి అరవై కిలోమీటర్లు. ఆవడి దాటేవరకు ట్రాఫిక్ ఓపిక పరీక్షిస్తుంది, పొద్దున ఐదున్నరకు బయల్దేరితే ఆ గొడవ ఉండదు, పైగా పక్షులు చూడాలంటే ఏడు లోపు అక్కడ ఉండాలి. రెడ్ హిల్స్, పెరియపాళయం, ఊత్తుకోట మీదుగా ఇంకో దారి ఉంది. తిరుపతికి నాగలాపురం మీదుగా వెళ్ళేవాళ్ళకు ఈ రోడ్డు తెలిసే ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఇంకోటి పెట్టుకుంటే ఒక చుట్టు పూర్తవుతుంది, నేను అలాగే చేస్తాను.

పూండి చేరాక నేరుగా కట్ట వైపు వెళ్ళండి. షట్టర్ల వరుస, వాటి మీద వంతెన, ఒక వైపు సముద్రంలా పరుచుకున్న నీళ్ళు, ఇంకో వైపు ఇసుకలో సన్నగా సాగే ఏరు. పొద్దుటి పూట ఎండ వీపు మీద పడేలా నిలబడి చూస్తే పక్షులు బాగా కనిపిస్తాయి, కాబట్టి తూర్పు వైపు ఒడ్డు ఎంచుకోండి. గూడబాతులు పెద్దవి, వాటిని గుర్తుపట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, ముక్కు కింద సంచీ ఊగుతుంటుంది. ఎర్రకాళ్ళ కొంగలు, నీటికాకులు, తెల్లకొంగలు, లకుముకి పిట్టలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. చలికాలంలో బాతులు గుంపులుగా నీళ్ళ మధ్యలో తేలుతుంటాయి, వాటికి బైనాక్యులర్ కావాలి, ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది చాలు, అంతకంటే ఎక్కువైతే చెయ్యి వణికి ఏమీ కనిపించదు. నీళ్ళు తగ్గుతున్న మార్చిలో ఇంకో రకం అందం ఉంది, మడుగుల్లో చేపలు ఒక్కచోట చేరతాయి, పక్షులన్నీ అక్కడే పడతాయి, దగ్గర నుంచి చూడొచ్చు. ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఫోన్లో పక్షి కూతలు పెట్టి పిలవకండి. డ్రోను ఇంటి దగ్గరే వదిలేయండి, ఇది ఆనకట్ట, అనుమతి లేకుండా ఎగరేస్తే కేసవుతుంది.

ఇప్పుడు నీళ్ళలోకి దిగడం గురించి. దిగకండి. చెరువులో కాదు, కాలువలో అసలు కాదు, షట్టర్ల కింద మడుగుల్లో అంతకన్నా కాదు. ఎందుకో చెప్తాను, ఎందుకో తెలియకపోతే పిల్లలు వినరు. చెరువు అడుగు సమంగా ఉండదు. ఏటి పాత గుంటలు, ఇసుక తవ్విన గోతులు, ఒండ్రు పేరుకున్న చోట్లు ఉంటాయి, మోకాలి లోతు అనుకుని వేసిన తర్వాతి అడుగు మనిషి లోతులో పడుతుంది, ఒండ్రులో కాలు దిగితే లాక్కోవడం కష్టం. తూముల దగ్గర నీళ్ళు పైకి నిశ్చలంగా కనిపిస్తూనే కింద లాగుతాయి. షట్టర్ల కింది మడుగుల్లో నీళ్ళు తక్కువగా ఉన్నాయని దిగితే, పైన ఎప్పుడు వదులుతారో మనకు తెలియదు.

కాలువ సంగతి వేరే, అది చూడటానికి అన్నిటికంటే సాధువుగా ఉంటుంది. సిమెంటు వాలు, నెమ్మదిగా పోయే నీళ్ళు, మెట్టు మీద కూర్చున్నట్టు కూర్చోవచ్చు అనిపిస్తుంది. కానీ నీళ్ళు తాకే చోట ఆ సిమెంటు మీద నాచు పట్టి సబ్బులా ఉంటుంది. జారితే పట్టుకోవడానికి చెట్టు వేరు కూడా ఉండదు, ఈత వచ్చినవాడు కూడా ఆ వాలు ఎక్కి బయటికి రాలేడు. నాలుగేళ్ళ కింద మా బావ కొడుకు, పన్నెండేళ్ళవాడు, కాళ్ళు కడుక్కుంటానని ఊత్తుకోట దగ్గర కాలువలో ఒక్క అడుగు పెట్టాడు, అంతే, నడుము వరకు జారిపోయాడు. అదృష్టం కొద్దీ పక్కన మేకలు కాసుకునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన గట్టు మీద బోర్లా పడుకుని తన పంచె విప్పి విసిరాడు, దాన్ని పట్టుకుని పైకి వచ్చాడు. మేమెవరం అలా ఆలోచించలేదు, మా బావ అయితే దూకబోయాడు. ఆ పెద్దాయన తెలుగులోనే కేకేశాడు, "దూకొద్దయ్యా, ఇద్దరూ పోతారు!" అని. అప్పటి నుంచి నా బండిలో ఇరవై మీటర్ల నైలాన్ తాడు ఎప్పుడూ ఉంటుంది. మీరూ పెట్టుకోండి. ఎవరైనా పడితే దూకకుండా తాడో, చీరో, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యానో విసరండి, గట్టిగా అరిచి మనుషుల్ని పిలవండి, ఒకరు 112కో 108కో ఫోన్ చేయండి. పడ్డవాళ్ళ దగ్గరికి మనం నిలబడి కాకుండా పడుకుని చెయ్యి చాచాలి.

బోటింగ్ ఉంటుందనుకుని కూడా రాకండి. పిల్లలు బోటు బోటు అంటుంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ముట్టుకాడుకో, నగరంలోనే చేట్‌పేట్ ఎకో పార్కుకో తీసుకెళ్ళండి. పూండి తాగే నీళ్ళ చెరువు, ఇక్కడ ఒడ్డు మీద నడక, చూపు, తిండి, ఇంతే.

కట్ట చూశాక పూండి ఊళ్ళో ఊన్రీశ్వరర్ గుడికి తప్పకుండా వెళ్ళండి. చాలామంది ఇది తెలియక కట్ట దగ్గర సెల్ఫీ తీసుకుని తిరిగి వెళ్ళిపోతారు. తేవారం, అంటే పాతకాలపు తమిళ శివభక్తుల పాటలు, ఉన్న పాత శివస్థలం, తిరువెణ్‌పాక్కం అనే ఊళ్ళో ఏటి ఒడ్డున ఉండేది. చెరువు కట్టినప్పుడు ఆ చోటు మునిగిపోతుందని గుడిని తీసుకొచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. ఆ శివభక్తుల్లో ఒకడైన సుందరర్ తిరువొత్తియూరులో భార్యకిచ్చిన మాట తప్పి చూపు పోగొట్టుకున్నాడని, తడుముకుంటూ ఇక్కడికి వచ్చి అడిగితే శివుడు చూపు ఇవ్వకుండా ఊతకర్ర ఇచ్చాడని, కోపంతో ఆయన ఆ కర్రను విసిరితే నందికి తగిలి కొమ్ము విరిగిందని కథ. ఊన్రు అంటే తమిళంలో ఊనుకోవడం, మన ఊత మాటకు దగ్గర. లోపల నంది కొమ్ము చూడండి. మా అమ్మమ్మను ఒకసారి తీసుకెళ్ళాను, కథ అంతా విని, "మన ఊరి గుడిని ఇట్ట ఎవురూ మోసుకురాలేదు నాయనా" అంది. నేనేమీ మాట్లాడలేకపోయాను. చాలాసేపు అక్కడే కూర్చున్నాం.

గుడి తర్వాత, ఎండ పెరుగుతుంది కాబట్టి, పురావస్తు శాఖవాళ్ళ మ్యూజియంలోకి వెళ్ళండి. పూండిలో ఆదిమానవుల పనిముట్ల మ్యూజియం ఉంది, 1985 నుంచి. చిన్నది, అరగంట చాలు, కానీ పెద్దపిల్లలు ఉంటే గంట కేటాయించండి. 1863 మేలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు మన పల్లావరంలో ఒక రాతి గొడ్డలి దొరికింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన, విలియం కింగ్ కలిసి ఈ కొసస్తలైయార్ ఒడ్డున అత్తిరంపాక్కంలో ఇంకా ఎన్నో కనిపెట్టారు. ఆ చోటే తర్వాత పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం తవ్వి, అక్కడి చేతిగొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో ప్రకటించింది. ఈ ఏటి ఒడ్డున నీళ్ళ కోసం మనుషులు చేరడం అంత పాతది. పిల్లలకు గొడ్డలిని అద్దంలోంచి చూపించి, ఎక్కడ పట్టుకుంటారు, ఏ వైపు పదును, మీరైతే ఎలా చేస్తారు అని అడగండి, ఆ తర్వాత ఇంకేమీ చెప్పనక్కర్లేదు, వాళ్ళే చూస్తారు. బయల్దేరే ముందు రోజే సెలవు కాదని కనుక్కోండి. ఏటి ఒడ్డున తిరిగేటప్పుడు అలాంటి రాళ్ళు కనిపిస్తే చూసి, ఉన్నచోటే వదిలేయండి, జేబులో వేసుకోవడం తప్పు, చట్టం ప్రకారం కూడా.

ఇక మిగతా సగం రోజుకు రెండు దారులు. రెండూ ఒకే రోజులో పెట్టుకోవద్దు, నేను ఒకసారి పెట్టుకుని రెంటినీ సరిగ్గా చూడలేదు.

ఒకటి గుడియం గుహలు. నడవగలిగిన పెద్దవాళ్ళ గుంపు అయితే ఇది. అయితే దీన్ని పొద్దునే పెట్టుకుని చెరువును సాయంత్రానికి మార్చుకోవాలి. గుడియం ఊరు వరకు బండి వెళ్తుంది, అక్కడి నుంచి అల్లికుళి కొండల్లో ముళ్ళ పొదల అడవిలో నడక, ఒక వైపే మూడు నాలుగు కిలోమీటర్లు. దారి అంతా గులకరాళ్ళు, మడమ పట్టి ఉంచే బూట్లు కావాలి. గుహ అంటే చీకటి సొరంగం అనుకోకండి, పెద్ద కొండ అంచు గొడుగులా ముందుకు వంగి ఉంటుంది, దాని కింద చల్లగా ఊరంత నీడ. అక్కడ చిన్న అమ్మవారి గుడి ఉంది, ఊళ్ళోవాళ్ళు పూజలు చేస్తారు, చెప్పులు విప్పండి. 1960లలో పురావస్తు శాఖ ఇక్కడా తవ్వింది. ఇది రిజర్వ్ ఫారెస్టు, అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి, గుడియం ఊరి మనిషినొకరిని దారి చూపడానికి వెంటపెట్టుకుని వాళ్ళకు రోజు కూలి ఇవ్వండి. రాళ్ళ మీద తేనెపట్లు ఉంటాయి, కాబట్టి సెంటు రాసుకోకూడదు, పొగ పెట్టకూడదు, అరవకూడదు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. మధ్యాహ్నం రెండింటికి మీరు అడవి బయట ఉండాలి, ఈ ఒక్క మాట పట్టుకోండి చాలు.

రెండోది ఊత్తుకోట, సురుటుపల్లి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే నా ఓటు దీనికే. పూండి నుంచి ఊత్తుకోట వైపు బయల్దేరితే కాలువ అక్కడక్కడా కనిపిస్తూ ఉంటుంది. ఊత్తుకోట దగ్గర తామరైకుప్పంలో జీరో పాయింట్ ఉంది, ఆంధ్ర నీళ్ళు తమిళనాడులో అడుగుపెట్టే చోటు. చూడటానికి అక్కడ ఏమీ లేదు, కాలువ, నీళ్ళు కొలిచే ఏర్పాటు, అంతే. అయినా కాలువ పారుతున్న రోజున అక్కడ ఒక పావుగంట నిలబడి చూడండి. మా అమ్మమ్మ ఆ రోజు కారు దిగి, గట్టు మీది నుంచే దణ్ణం పెట్టుకుని, "కృష్ణమ్మేనా ఇది, పెన్నమ్మా?" అని అడిగింది. రెండూ కలిసి వస్తాయని చెప్పాను.

అక్కడి నుంచి రెండు మూడు కిలోమీటర్లు పోతే సరిహద్దు దాటి మన సురుటుపల్లి, అరుణా నది ఒడ్డున పళ్ళికొండేశ్వర స్వామి గుడి. హాలాహలం మింగిన శివుడు సొమ్మసిల్లి పార్వతి ఒడిలో తల పెట్టి పడుకుని ఉంటాడు, శయనించిన శివుడు ఇలా కనిపించడం చాలా అరుదు. ప్రదోషం రోజు కాలు పెట్టే చోటుండదు, ప్రశాంతంగా చూడాలంటే మిగతా రోజుల్లో వెళ్ళండి, ప్రదోషం కోసమే వెళ్ళేవాళ్ళు చెరువు కార్యక్రమం మానుకుని అదొక్కటే పెట్టుకోండి. ఓపికుంటే అదే రోడ్డులో ఇంకొంచెం ముందుకు నాగలాపురం, మత్స్యావతారంలో ఉన్న వేదనారాయణ స్వామి. కృష్ణదేవరాయలు తల్లి పేరు మీద కట్టించిన ఊరు, గుడి. మార్చిలో మూడు రోజులు సాయంత్రపు ఎండ మొదట పాదాల మీద, తర్వాత నాభి మీద, మూడో రోజు మొహం మీద పడుతుంది. తిరుగు దారిలో పెరియపాళయం భవానీ అమ్మవారు ఉన్నారు, తమిళుల ఆడి మాసంలో (జులై, ఆగస్టుల్లో) మాత్రం ఆ రోడ్డు వైపు వెళ్ళకపోవడం మంచిది, వేపాకు చీర మొక్కుల జనంతో గంటలు గంటలు ఆగిపోతుంది.

తిండి విషయంలో నా సలహా, ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం, మజ్జిగ కట్టుకుపోండి. తిరువళ్లూరులో పొద్దున టిఫిన్ దొరుకుతుంది, పూండి వైపు సెలవు రోజుల్లో చేపల వేపుడు అమ్మేవాళ్ళు కనిపిస్తారు, నూనె రంగు చూసి తినండి. ఆడవాళ్ళకు, పిల్లలకు బాత్రూము ఇబ్బంది లేకుండా తిరువళ్లూరులోనే ఆగి బయల్దేరండి. తిన్న ఆకులు, కవర్లు, సీసాలు అన్నీ ఒక సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చి పడేయండి. కాలువలో చేతులు, గిన్నెలు కడగడం, బండి కడగడం, పూజ పూలు నీళ్ళలో వదలడం వద్దు. 2019 జూన్‌లో ఈ చెరువులన్నీ ఎండిపోయి, జులైలో జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెచ్చుకున్న నగరం మనది. బిందె పట్టుకుని ట్యాంకర్ వెనక నిలబడ్డవాళ్ళు ఎవరూ ఆ నీళ్ళలో చిప్స్ కవరు వేయరు.

పూండి అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు దగ్గర్లో రెండు. చెంబరంబాక్కం ఇంకా పెద్దది, 3,645 మిలియన్ ఘనపుటడుగులు, చోళుల కాలం నాటిదంటారు, సాయంత్రం సూర్యాస్తమయానికి బాగుంటుంది. దాని పక్కనే కుండ్రత్తూరు కొండ మీద మురుగన్ గుడి, ఇంకొంచెం పోతే మాంగాడు కామాక్షి, శ్రీపెరుంబుదూరులో రామానుజుల జన్మస్థలం, మొత్తం అరపూట. రెడ్ హిల్స్ చెరువు, అదే పుళల్, రోడ్డు మీది నుంచి చూసి వెళ్ళిపోవాల్సిందే ఎక్కువ. దాని పక్క షోలవరం దగ్గర యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద ఒకప్పుడు కార్ల రేసులు జరిగేవి, మా నాన్న తరంవాళ్ళను కదిపితే ఆ కథలు ఆగవు.

తిరిగి వచ్చేటప్పుడు తిరువళ్లూరులో గంట సమయం మిగిలితే వీరరాఘవ స్వామి గుడికి వెళ్ళండి, వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. అక్కడి హృత్తాపనాశిని కోనేట్లో బెల్లం వేస్తే రోగాలు బెల్లంలా కరిగిపోతాయని నమ్మకం. అమావాస్య రోజు మాత్రం ఊరంతా కిటకిటలాడుతుంది, ఆ రోజు రైలు కూడా నిలబడే. మామూలు రోజు సాయంత్రం లోకల్‌కు సీటు దొరుకుతుంది, పిల్లలు ఆవడి వచ్చేలోపే నిద్రపోతారు, కాబట్టి టిఫిన్ ముందే పెట్టేయండి.